చదును చేసే ముందు

ధవళేశ్వరం

చిరంజీవి అమ్ములుకి,

వేమగిరి దగ్గర కొన్న స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నారనీ, పెరట్లోకి కడియం నర్సరీల నుంచి ఏయే మొక్కలు తెచ్చుకోవాలో చెప్పమనీ అడిగావు. చెబుతాను. కానీ అంతకన్నా ముందు, ఇప్పుడు ఆ స్థలంలో ఏముందో ఒకసారి తిరిగి చూడమ్మా. జేసీబీ వచ్చి వెళ్లాక చూద్దామన్నా ఏమీ మిగలదు.

అన్నీ పిచ్చిమొక్కలే అన్నాడట మీ నాన్న. మొన్నమొన్నటి దాకా అది వరిచేను, పక్కనే పంటబోదె. ఆ బోదె గట్టు మీద పొన్నగంటికూర, గుంటగలగర, గలిజేరు, ఉత్తరేణి, వావిలి, జిల్లేడు ఎవరూ నాటకుండానే పెరుగుతున్నాయి. వినాయకచవితి ముందురోజు రాజమండ్రి బజారులో బేరమాడి కొనే పత్రిలో కొన్ని ఆకులు అక్కడ ఊరికే దొరుకుతాయి. నాట్లకు వచ్చే ఆడవాళ్లనడుగు, ఏది కూరకు పనికొస్తుందో, ఏది పసరుకో, దేని జోలికి పోకూడదో గడగడా చెప్పేస్తారు. ఆ జ్ఞానం నాకు పుస్తకాల్లో దొరకలేదు. వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. నువ్వూ నేర్చుకోవాలని నా కోరిక.

కరివేపాకు చెట్టు ఎలాగూ వేస్తారు. దాని లేతాకుల మీద పిట్ట రెట్టలాంటి మచ్చ కనిపిస్తే తుడిచెయ్యకు. అది గొంగళిపురుగు. రెట్ట అనుకుని పిట్టలు ముట్టుకోకుండా అది వేసే వేషం అది. బాగా ఎదిగాక వేషం మార్చి ఆకు రంగులోకి వచ్చేస్తుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకావంటే తల వెనక నుంచి ఎర్రటి రెండు పాయల కొమ్మును బయటికి తోస్తుంది, ఘాటైన వాసన వేస్తుంది, మళ్లీ లోపలికి లాగేసుకుంటుంది. కొన్నాళ్లకు తెల్లచుక్కల నల్లటి సీతాకోకచిలుక అయి ఎగురుతుంది. నిమ్మచెట్టు మీదా ఇదే వరస. జిల్లేడు ఆకు తినేది వేరే జాతి, దాని రెక్కలు నారింజరంగులో ఉంటాయి. జిల్లేడు లేకపోతే ఆ సీతాకోకచిలుక గుడ్లు పెట్టడానికి వెతుక్కుంటూ ఎక్కడికో పోవాలి. ఆకుకు నాలుగు చిల్లులు పడగానే పురుగుపట్టిందని మందు కొట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చెట్టుకేం కాదు, మళ్లీ చిగురేస్తుంది.

మీ స్థలం మూల బోదె మీదికి వంగిన ఈతచెట్టు ఉంది చూశావా, దాని సంగతి తప్పకుండా రాయాలి. వానాకాలంలో గిజిగాళ్లు అక్కడికే వస్తాయి. మగపిట్ట వరి ఆకు అంచును ఒకచోట ముక్కుతో కొరికి పట్టుకుని ఎగురుతుంది. ఎగిరే ఊపుకు ఆకు పొడవునా సన్నటి పీచు చీలి దాని నోటికి వస్తుంది. అలాంటి పీచులు తెచ్చి ముడులు వేస్తూ గూడు సగం అల్లి, లోపల తడిమట్టి ముద్దలు అంటిస్తుంది. అప్పుడు ఆడపిట్టలు వచ్చి పరీక్ష చేస్తాయి. నచ్చితేనే మగపిట్ట కిందికి గొట్టంలాంటి దారి అల్లి గూడు పూర్తిచేస్తుంది. నచ్చకపోతే దాన్ని అలాగే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. చెట్టుకు వేలాడే సగం సగం గూళ్లలో చాలావి అలా కాదనిపించుకున్నవే. నీళ్ల మీదికి వంగిన కొమ్మ గిజిగాడికి కావాలి, ఎందుకంటే పాములూ పిల్లులూ అక్కడిదాకా రావడం కష్టం. అలాంటి చెట్టును కొట్టేసి గోడకు బర్డ్‌హౌస్ తగిలిస్తే గిజిగాడు రాదమ్మా.

పాముల భయం గురించి మీ అమ్మ ఫోనులో చెప్పింది. భయం ఉండాల్సిందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మన వైపు ఉన్నాయి, చీకట్లో టార్చిలైటు లేకుండా తిరగొద్దు, కన్నాల్లో చెయ్యి పెట్టొద్దు. కానీ మనవాళ్ల కర్రకు ఎక్కువగా బలయ్యేవి విషంలేని జెర్రిగొడ్డూ, నీరుకట్టే. జెర్రిగొడ్డు ఎలుకలను తింటుంది. ఎలుకలు తగ్గితే వాటికోసం వచ్చే నాగుపాము రావడమూ తగ్గుతుంది. రాత్రిపూట తెల్లటి ముఖంతో కూర్చునే గుడ్లగూబ చేసేదీ అదే పని. దాన్ని అపశకునమని రాళ్లు విసరడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఉడుము కనిపిస్తే మాత్రం ఎవరికీ పట్టనివ్వకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికున్న రక్షణే దానికీ ఉంది.

ఇక మొక్కలు. కోనోకార్పస్ వద్దు. లేఅవుటు వాళ్లు గోడ పొడవునా వరసగా వేసేది అదే, ఏడాది తిరక్కుండా పచ్చగా లేస్తుందని. అమెరికా ఖండపు ఉప్పునీటి తీరాల చెట్టు అది. దాని ఆకు తినే పురుగు మనకు పెద్దగా లేదు, పురుగు లేనిచోట పిట్టకు తిండి లేదు. గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. కడియం నర్సరీల వాళ్లను నేను తప్పుపట్టను. అంటు కట్టడంలో, నారు పెంచడంలో వాళ్ల చేతికి సాటి లేదు. మనం అడిగినవే వాళ్లు పెంచుతారు. అడగాల్సింది మనమే. కానుగ, నేరేడు, పొగడ, మారేడు అడుగు. చోటుంటే ఒక మేడి, గోడకు దూరంగా. కానుగ నిలదొక్కుకున్నాక నీళ్లు పెట్టే పనే ఉండదు, పూతకు తేనెటీగలు ముసురుకుంటాయి. మా చిన్నప్పుడు దాని రొట్టను దమ్ములో తొక్కేవారు. నేరేడు పండితే పగలు కోయిలలు, రాత్రి గబ్బిలాలు.

మన చుట్టూ అడవి లేదనుకోవద్దు. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అడవి దగ్గర తిరిగిన చిరుత తర్వాత కడియపులంక నర్సరీల్లో కూడా కనిపించి జనాన్ని హడలెత్తించింది కదా. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల్లోకి వెళ్లిన నీళ్లు పొలాలు తడిపి, తుల్యభాగ లాంటి డ్రెయిన్లలో పడి కోరింగ మడ అడవుల వైపు పోతాయి. 1978లో అభయారణ్యం చేసిన చోటు అది. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్ల మధ్య నీటికుక్కలు, రాత్రిళ్లు నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లులు బతుకుతున్నాయి. చలికాలం చివర్లో హోప్ ఐలాండ్ ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. మీ బోదెలో పడేసిన సిమెంటు సంచీ, గుళికల మందు డబ్బా చివరికి వాటి ముంగిటికే చేరతాయి. అందుకే చెబుతున్నాను, మేస్త్రీకి మొదటిరోజే గట్టిగా చెప్పండి, బోదెలో ఏదీ వెయ్యొద్దని. ఆ బోదెను సిమెంటుతో కట్టించే ఆలోచన కూడా మానుకోండి. మట్టిగట్టు ఉంటేనే కప్పలూ, నత్తలూ, వాటికోసం వచ్చే కొంగలూ ఉంటాయి. గుర్రపుడెక్క పేరుకుంటే మాత్రం తీయించండి. అది ఎక్కడి నుంచో వచ్చి మన కలువలకూ తూడుకూ చోటు లేకుండా చేసింది.

మీ నాన్నతో నేనూ మాట్లాడతాను. స్థలమంతా వదిలెయ్యమని అడగను, ఇల్లు కట్టుకోవాల్సిందే. బోదె వైపు రెండు గజాల మేర గట్టునూ, ఈతచెట్టునూ ముట్టుకోకుండా తాడు కట్టి, జేసీబీ అతనికి చూపించండి. ఈతచెట్టు ప్రహరీకి అడ్డమై కొట్టక తప్పదంటే కార్తీకమాసం దాటేవరకు ఆగమనండి, అప్పటికి గిజిగాళ్ల పిల్లలు ఎగిరిపోతాయి. గట్టు మీద పేరు తెలియని మొక్కలుంటే ఆకు, పువ్వు కనిపించేలా ఫొటో తీసి పంపు. ఆదివారం నేనే వచ్చి చూస్తాను.

ఆశీర్వదిస్తూ,
తాతయ్య