తలరాత తప్పుకు సాకు కాగలదా?

"ఏం చేస్తాం, నసీబ్‌లో అలా రాసి ఉంది!" ఈ మాట మన ఇళ్ళల్లో తరచూ వినిపిస్తుంది. ఆప్తులు మరణించినప్పుడు, పంట నష్టపోయినప్పుడు ఈ మాట గుండెకు ఊరటనిస్తుంది. విధివ్రాత (తఖ్‌దీర్)ను నమ్మడం ఈమాన్‌లో భాగం కూడా. కాని నమాజు వదిలేసిన యువకుడు, వరకట్నం పుచ్చుకున్న తండ్రి, తాగుడు మానని భర్త కూడా ఇదే మాట అంటే అది సాకుగా మారిపోతుంది. ఈ తేడా ఎక్కడుందో తెలుసుకుందాం.

మనిషి స్వభావం ఎలాంటిది?

ఇంగ్లండు తత్వవేత్త థామస్ హాబ్స్ 1651లో వెలువరించిన 'లెవియాథాన్'లో, పైన ఒక అధికారం లేకపోతే మనుషులు స్వార్థంతో, భయంతో ఒకరితో ఒకరు పోరాడుతూనే ఉంటారని వాదించాడు. మనిషి మంచివాడుగానే పుడతాడని, సమాజమే అతణ్ణి చెడగొడుతుందని రూసో 1762లో రాశాడు. ఆదిమానవుని పాపం మానవజాతి అంతటికీ సంక్రమించిందని క్రైస్తవ పండితుడు అగస్టీన్ బోధించాడు.

ఇస్లాం ప్రకారం ప్రతి శిశువూ స్వచ్ఛమైన సహజ స్వభావం (ఫిత్రత్)పైనే పుడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని దివ్యఖుర్‌ఆన్ స్పష్టం చేసింది. అయితే మనిషి దైవదూత కూడా కాదు. చెడు ఏదో, భయభక్తులు ఏవో ఆత్మకు తెలియజేయబడ్డాయని, దాన్ని పరిశుద్ధపరచుకున్నవాడే సఫలుడని 'అష్‌షమ్స్' సూరా చెబుతోంది. చెడుకు పురికొల్పే మనసు (నఫ్సె అమ్మారా), తప్పు చేస్తే నిందించే మనసు (నఫ్సె లవ్వామా), నెమ్మది పొందిన మనసు (నఫ్సె ముత్మయిన్నా) అని ఖుర్‌ఆన్‌లో మూడు స్థితుల ప్రస్తావన ఉంది. మొదటి స్థితి నుంచి మూడోదానికి ఎదగడమే మన జీవిత పరీక్ష.

ఇద్దరి జవాబులు

ఆదం (అ), ఇబ్లీసుల వృత్తాంతం 'అల్ ఆరాఫ్' సూరాలో ఉంది. ఆజ్ఞను మీరిన ఇబ్లీసు, తనను దారి తప్పించింది నీవేనంటూ నేరాన్ని అల్లాహ్ మీదికే నెట్టాడు. ఆదం, హవ్వాలు మాత్రం తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకుని క్షమాపణ వేడుకున్నారు. ఇబ్లీసు బహిష్కృతుడయ్యాడు, ఆదం (అ) తౌబా స్వీకరించబడింది. మన తప్పును నసీబ్ మీదికి నెట్టినప్పుడు ఈ ఇద్దరిలో ఎవరి బాటలో నడుస్తున్నామో ఆలోచించాలి.

రెండు అతివాదాలు

ముస్లిం చరిత్రలో జబ్రియా వర్గంవారు మనిషిని గాలిలో ఈకలా పూర్తిగా నిస్సహాయుడన్నారు. ఖదరియా వర్గంవారు మనిషి పనులకు విధివ్రాతతో సంబంధమే లేదన్నారు. అహ్లె సున్నత్ పండితులు మధ్యేమార్గం చూపారు. సమస్తాన్నీ సృష్టించేవాడు అల్లాహ్‌యే, అయితే పనిని ఎంచుకుని చేసేది మనిషి. లెక్క ఆ ఎంపికకే. అందుకే నిద్రపోయేవాడు, పసివాడు, మతి లేనివాడు – ఈ ముగ్గురి నుంచి కలం ఎత్తివేయబడిందని హదీసులో ఉంది. ఎంపిక లేనిచోట విచారణా లేదు.

"అల్లాహ్‌కు ముందే తెలుసు కదా!" అని కొందరు అంటారు. మస్జిదు గోడకు అంటించిన పట్టికలో రేపటి మగ్రిబ్ వేళ ముందే రాసి ఉంటుంది. ఆ రాత వల్లనే సూర్యుడు అస్తమిస్తాడా? అల్లాహ్ జ్ఞానానికి ఈ పోలిక చాలదు గాని, ముందే తెలిసి ఉండటం వేరు, బలవంతపెట్టడం వేరని దీనివల్ల అర్థమవుతుంది. పైగా తన రాతను ముందుగా చదివి పాపం చేసినవాడెవడూ లేడు. మన మేకను దొంగ ఎత్తుకుపోతే "పాపం, వాడి నసీబ్" అని వదిలేస్తామా? ఇతరుల తప్పుకు ఒప్పుకోని సాకు మన తప్పుకు ఎలా చెల్లుతుంది?

హజ్రత్ ఉమర్ (ర) ఆదర్శం

హిజ్రీ 18 (క్రీ.శ. 639) ప్రాంతంలో సిరియాలో ప్లేగు ప్రబలింది. అటు వెళుతున్న హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ అనే చోట ఆగి, వెనుదిరగాలని నిర్ణయించారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) అడిగారు. దైవనిర్ణయం నుంచి దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామని ఆయన బదులిచ్చారు. లోయలో ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు తోలినా అది దైవనిర్ణయమే కదా అని వివరించారు. ఆ తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) వచ్చి, అంటువ్యాధి ఉన్న ప్రాంతానికి వెళ్ళరాదన్న ప్రవక్త (స) ఆదేశాన్ని వినిపించారు.

కనుక జరిగిపోయిన కష్టంలో తఖ్‌దీర్‌ను తలచుకుని సహనం వహిద్దాం. చేసిన పాపానికి మాత్రం తౌబా చేద్దాం. పిల్లవాడు తప్పు చేస్తే "వీడి బుద్ధే అంత" అని ముద్ర వేయకుండా, వాడిలోని ఫిత్రత్‌ను మేల్కొలుపుదాం. మన మనసులను పరిశుద్ధపరచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.