గేమింగ్ టిప్స్ సర్దడం, ఎడిట్ చేయడం ఎలా? తెలుగు వికీపీడియా నేర్పే 6 మాటలు

గేమ్ ఆడటం చాలామందికి వచ్చు. ఆడి తెలుసుకున్నదాన్ని ఇంకొకరికి పనికొచ్చేలా రాసి పెట్టడం కొద్దిమందికే వచ్చు. మీ స్క్వాడ్ గ్రూప్ ఒకసారి తెరిచి చూడండి. సెన్సిటివిటీ సెట్టింగ్స్, గ్రాఫిక్స్ సెట్టింగ్స్, ఏ ఫోన్ వేడెక్కుతుంది, ఏ మ్యాప్‌లో ఎక్కడ దిగాలి... అన్నీ ఉంటాయి. కానీ కొల్లేటి చాంతాడంత పొడుగు చాట్‌లో కావాల్సిన లైన్ దొరకదు. దొరికినా అది ఈ రోజుకి పనికొస్తుందో లేదో తెలియదు.

ఈ సమస్యను తెలుగువాళ్లు ఎప్పుడో ఎదుర్కొన్నారు, గేమ్స్‌లో కాదు, తెలుగు వికీపీడియాలో. అది 2003 డిసెంబరులో మొదలైంది. మొదలుపెట్టడంలో వెన్న నాగార్జున గారిది ముఖ్యపాత్ర. జీతం లేకుండా, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, వేలకొద్దీ పేజీలు రాసి, సర్ది, దిద్దుకుంటూ వచ్చారు. ఆ పనికి కావాల్సిన మాటల్ని కూడా చక్కటి తెలుగులో తయారుచేసుకున్నారు. అందులో 6 మాటలు తీసుకుని, మన గేమింగ్ నోట్స్‌కి ఎలా వాడుకోవాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఉదాహరణలకు మా ఊరు ఉండినే వాడుకుంటాను. ఎందుకో మొదటి మాటలోనే తెలుస్తుంది.

1. అయోమయ నివృత్తి

ఒకే పేరుతో చాలా విషయాలు ఉంటే, ఏది ఏదో విడదీసి చూపించే పేజీని వికీలో ఇలా అంటారు. మా ఊరి పేరు నెట్‌లో వెతికితే ఈ అవసరం వెంటనే అర్థమవుతుంది. 'ఉండి' అనేది తెలుగులో మామూలు మాట. 'ఇంట్లో ఉండి చదువుకున్నాడు' అన్న వాక్యం కూడా రిజల్ట్స్‌లోకి వచ్చేస్తుంది. అది పక్కన పెట్టినా ఉండి గ్రామం, ఉండి మండలం, ఉండి శాసనసభ నియోజకవర్గం, ఉండి రైల్వే స్టేషన్ అన్నీ వేర్వేరు. గ్రామ జనాభా అడిగితే మండల జనాభా చెప్పడం ఇక్కడే మొదలవుతుంది.

గేమ్స్‌లోనూ ఇదే గొడవ. 'పబ్జీ' అని ఒక్క మాట రాస్తే కంప్యూటర్ గేమా, పబ్జీ మొబైలా, లైట్ వెర్షనా, బీజీఎంఐనా? 'ఫ్రీ ఫైర్' అంటే మామూలుదా, మ్యాక్సా? ఫ్రీ ఫైర్‌ను మన దేశంలో 2022 ఫిబ్రవరిలో నిలిపేశారు. మ్యాక్స్ మాత్రం ప్లే స్టోర్‌లో కొనసాగింది. పేరు సగం రాస్తే చదివేవాడికి సమాచారం సగం కాదు, తప్పు అవుతుంది.

చేయాల్సింది: ప్రతి నోట్ మొదటి లైన్‌లో గేమ్ పూర్తి పేరు రాయండి. పేరు పక్కనే వెర్షన్ నంబర్ ఉండాలి.

2. మూలం

'ఈ మాట నీకెలా తెలుసు?' అన్న ప్రశ్నకు జవాబే మూలం. వికీలో ఏ అంకె రాసినా అడుగుతారు. కొల్లేరు విస్తీర్ణం ఎంత? ఒకచోట 308 చదరపు కిలోమీటర్లు అని, ఇంకోచోట 901 అని కనిపిస్తుంది. రెండూ తప్పు కాదు. మొదటిది 1999లో ప్రకటించిన అభయారణ్యం విస్తీర్ణం. రెండోది 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన చిత్తడి ప్రాంతానిది. దేన్ని కొలిచారో చెప్పకపోతే ఏ అంకెను నమ్మాలో తెలియదు.

ఫోన్‌లకి వద్దాం. యాంటుటు స్కోరు ఒకరు పాత వెర్షన్‌లో తీసింది, ఇంకొకరు కొత్త వెర్షన్‌లో తీసింది పక్కపక్కన పెట్టి 'ఈ ఫోనే తోపు' అంటారు. వెర్షన్ మారితే స్కోరు లెక్కే మారుతుంది, ఆ రెండింటినీ పోల్చకూడదు. అలాగే '16 జీబీ ర్యామ్' అని రాసినప్పుడు అందులో 8 అసలైన ర్యామ్, 8 స్టోరేజ్ నుంచి అప్పు తెచ్చుకున్నది కావచ్చు.

గేమింగ్ టిప్స్‌లో మూలం మూడు రకాలు: నేనే పరీక్షించాను, గేమ్ కంపెనీ ప్యాచ్ నోట్స్‌లో ఉంది, ఎవరో వీడియోలో చెప్పారు. మూడూ రాయొచ్చు. కానీ ఏది ఏదో చెప్పాలి.

3. మొలక

చిన్నగా, అసంపూర్తిగా ఉన్న వ్యాసాన్ని తెలుగు వికీలో మొలక అంటారు. వరి పండించే మా ప్రాంతంలో ఈ మాట ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. మొలక అంటే తప్పు కాదు, ఇంకా ఎదగాలి అని అర్థం.

మీకు తెలిసింది రెండు లైన్లే అయితే ఆ రెండే రాయండి. పేజీ నింపడానికి తెలియనిది కలపొద్దు. పైన 'మొలక: ఒక్క ఫోన్‌లోనే పరీక్షించాం' అని పెట్టేస్తే చాలు. ఇంకో ఫోన్ ఉన్నవాడు వచ్చి మిగతాది కలుపుతాడు.

4. వర్గం, దారిమార్పు

ఇవి జంట పనిముట్లు. వర్గం అంటే ఒకే రకం పేజీల్ని కలిపే గుంపు. దారిమార్పు అంటే వేరే పేరుతో వెతికినవాడిని అసలు పేజీకి చేర్చేది.

వర్గాలు పెట్టేటప్పుడు రాసేవాడిలా కాకుండా వెతికేవాడిలా ఆలోచించండి. 'రవి టిప్స్', 'కొత్త టిప్స్' అనేవి వర్గాలు కావు. నెల తిరిగేసరికి కొత్తవి పాతబడతాయి. 'తక్కువ ర్యామ్ ఫోన్లు', 'హీటింగ్', 'నెట్‌వర్క్ లాగ్', 'కంట్రోల్స్' అనేవి వర్గాలు. మొదట్లో 5 లేదా 6 చాలు. ఒక వర్గంలో ఒక్క నోటే ఉంటే దాన్ని పక్క వర్గంలో కలిపేయండి.

ఇక దారిమార్పు. ఒకడు 'గైరో' అని వెతుకుతాడు, ఇంకొకడు 'జైరో' అని, మరొకడు 'ఫోన్ తిప్పితే గురి కదలడం' అని. నోట్ కింద 'ఇతర పేర్లు' అని ఒక లైన్ పెట్టి ఇవన్నీ రాస్తే సెర్చ్‌లో అందరికీ దొరుకుతుంది.

5. చరిత్ర

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. వికీలో ప్రతి పేజీకి చరిత్ర ఉంటుంది: ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు. ఎందుకు మార్చారో చెప్పడానికి 'దిద్దుబాటు సారాంశం' అనే చిన్న పెట్టె ఉంటుంది. పాతది పోదు, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు.

తేదీ ఎందుకంత ముఖ్యమో మా ఊరే చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఉండి అప్పుడూ ఇప్పుడూ పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. కానీ జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. ఏలూరు వేరే జిల్లా అయింది. 'మా జిల్లా కేంద్రం ఏలూరు' అని 2021లో రాసినవాడు తప్పు రాయలేదు. 2022 తర్వాత దాన్ని ఎవరూ దిద్దకపోతే మాత్రం అది తప్పే.

ఇప్పుడు ఇది చూడండి. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న నిషేధించారు. బీజీఎంఐ 2021 జులై 2న వచ్చింది. 2022 జులై 28న స్టోర్‌ల నుంచి తీసేశారు. 2023 మే నెలలో తిరిగొచ్చింది. 'గేమ్ స్టోర్‌లో లేదు, ఈ లింక్‌లో ఏపీకే దించుకో' అనే మెసేజ్ మధ్యలో ఏదో ఒక నెలలో పుట్టింది. తేదీ లేని ఆ లింక్‌ని ఇవాళ ఒక పదో తరగతి పిల్లాడు నొక్కితే, వాళ్ల నాన్నగారి యూపీఐ ఉన్న ఫోన్‌లోకి ఏం దిగుతుందో ఎవరికి తెలుసు?

మా వీధిలో ఒక తమ్ముడు సెకండ్‌హ్యాండ్ ఫోన్ బేరం కుదుర్చుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నయ్యా, ఇందులో 90 ఎఫ్‌పీఎస్ వస్తుందంట."

"ఎవరన్నారు?"

"గ్రూప్‌లో ఉంది."

"ఎప్పుడు రాశార్రా అది? ఏ వెర్షన్‌లో?"

తెలియదు. ఆ ఫోన్ తీసుకుని, గేమ్ అప్‌డేట్ చేసి, సెట్టింగ్స్ తెరిచి చూశాం. 90 ఆప్షన్ లేదు. ఎప్పుడో నిజమే అయి ఉండొచ్చు. ఆ లైన్ పక్కన తేదీ ఉంటే వాడు బేరం దాకా వెళ్లేవాడే కాదు. వేసవంతా చేపల చెరువుల దగ్గర పనిచేసి దాచుకున్న డబ్బు అది.

6. రచ్చబండ

తెలుగు వికీలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ. ఊళ్లో చెట్టు కింద పెద్దలు కూర్చునే చోటు పేరే దానికి పెట్టారు. ప్రతి వ్యాసానికి విడిగా చర్చ పేజీ కూడా ఉంటుంది. నియమం చిన్నదే: వాదన చర్చలో, తేలిన విషయం వ్యాసంలో.

మన గ్రూపుల్లో రెండూ కలిసిపోతాయి. ఒకడి సెట్టింగ్ ఇంకొకడికి నచ్చక చెరిపేస్తాడు, వాడు మళ్లీ పెడతాడు. దీనికి విరుగుడు ఒక్కటే. చాట్‌ని రచ్చబండ అనుకోండి. నోట్స్‌ని విడిగా గూగుల్ డాక్స్‌లో పెట్టండి. అందులో వెర్షన్ హిస్టరీ ఉంటుంది కాబట్టి 'చరిత్ర' పని కూడా అయిపోతుంది. ఇద్దరి రిజల్ట్స్ వేరుగా వస్తే ఒకటి చెరపకండి. రెండూ ఫోన్ పేరుతో రాయండి. తేడా ఫోన్‌లోనే ఉండొచ్చు.

ఇప్పుడు ఒక నోట్ ఎడిట్ చేద్దాం

ముందు: "బ్రో ఈ సెట్టింగ్స్ పెట్టుకో, లాగ్ అసలు రాదు, గ్యారంటీ. 90 కూడా వస్తుంది."

తర్వాత:
గేమ్: బీజీఎంఐ, వెర్షన్ నంబర్
ఫోన్: మోడల్ పేరు, 6 జీబీ ర్యామ్, 90 హెర్ట్జ్ స్క్రీన్
సెట్టింగ్: గ్రాఫిక్స్ స్మూత్, ఫ్రేమ్ రేట్ ఎక్స్‌ట్రీమ్
ఎలా చూశాం: ఎరాంగెల్‌లో 4 మ్యాచ్‌లు, వైఫై, చార్జింగ్ పెట్టకుండా
ఫలితం: మూడో మ్యాచ్ నుంచి ఫోన్ వేడెక్కింది, ఫ్రేమ్స్ తగ్గాయి
పరీక్షించిన తేదీ, పరీక్షించినవారి గేమ్ పేరు
వర్గం: హీటింగ్

'గ్యారంటీ' ఎగిరిపోయింది, 'బ్రో' ఎగిరిపోయింది. ఫోన్ వేడెక్కిన సంగతి మాత్రం కొత్తగా వచ్చి చేరింది. మంచి ఎడిటింగ్ అంటే భాష నున్నగా చేయడమే కాదు, చదివేవాడు నిర్ణయం తీసుకోడానికి కావాల్సింది ఉందా అని చూడటం.

ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి?

తెలుగు వికీలో అకౌంట్ తెరిస్తే 'ప్రయోగశాల' అనే మీ సొంత పేజీ ఉంటుంది. ఫోన్‌లో జీబోర్డ్ తెలుగు కీబోర్డ్ చాలు. == గుర్తుల మధ్య రాస్తే శీర్షిక అవుతుంది, [[ ]] మధ్య రాస్తే ఆ పేజీకి లింక్ అవుతుంది. ఈ రెండూ అక్కడ నేర్చుకోండి. గేమ్ టిప్స్‌ని మాత్రం వికీపీడియా వ్యాసాల్లో పెట్టకండి, అది గైడ్‌బుక్ కాదు, తీసేస్తారు. మీ ఊరి పేజీలో పాతబడిన విషయం ఏదైనా ఉంటే మూలం చూపించి దిద్దండి. మొదటి పాఠానికి అంతకంటే మంచి పని లేదు.

ఈ నేర్పు వృథా పోదు. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీదే మైన్‌క్రాఫ్ట్ వికీ కూడా నడుస్తుంది. ఆ వికీ రాసేవాళ్లు 2023 సెప్టెంబరులో ఫ్యాండమ్ నుంచి బయటికొచ్చి సొంత సైట్ పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి రాసిన పేజీల్ని తమతో తెచ్చుకోగలిగారు.

ఈ వారం పని: మీ గ్రూప్‌లో ఎక్కువసార్లు అడిగే 10 ప్రశ్నలు ఏరండి. ఒక్కోదానికి పై నమూనాలో ఒక నోట్ రాయండి. గేమ్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజున ఆ పదీ మళ్లీ పరీక్షించండి. పరీక్షించలేనిదాని పక్కన 'పాతది, చూసుకుని వాడండి' అని రాయండి. ఆ ఒక్క లైన్ ఎవరో ఒకరి డబ్బు కాపాడుతుంది.