జాబితాలో అవ్వ పేరు

ఊళ్లోకి ఒక సేవాసంఘం వాళ్లు వచ్చారు. "దిక్కులేని ముసలివాళ్లకు నెలనెలా బియ్యం ఇస్తున్నాం. తలా కొంత చందా ఇవ్వండమ్మా" అన్నారు.

పొదుపు సంఘం ఆడవాళ్లు వెంటనే డబ్బు తీయలేదు. "ఎవరికి ఇచ్చారో జాబితా చూపించండి బాబూ" అన్నారు.

జాబితాలో 20 పేర్లున్నాయి. ఎదురుగా వేలిముద్రలు. కూడబలుక్కుని చదివారు. పడమటి వీధి అవ్వ పేరూ ఉంది. నెలకు 10 కిలోలు, 6 నెలలు.

అవ్వను అడిగారు.

"ఒక్కసారే ఇచ్చారే! ఫోటో తీశారు. ఏవో కాయితాల మీద వేలు వేయించుకున్నారు. అందులో ఏముందో నాకేం తెలుసు?" అంది అవ్వ.

రాసింది 60 కిలోలు. అందింది 10 కిలోలు.

సంఘానికి రిజిస్ట్రేషన్ ఉందా అని కూడా అడగాలి. 2001 సొసైటీల చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు ఉండాలి. జిల్లా రిజిస్ట్రారు పత్రం ఇస్తారు. చందాకు రసీదు తీసుకోవాలి. ఏడాది లెక్కలు చూపమనాలి.

ఈ సంఘానికి పత్రం ఉంది. రసీదు పుస్తకమూ ఉంది. అవ్వకు బియ్యమే లేవు.

"తక్కిన 50 కిలోలు ఏవి?" అని ఆడవాళ్లు నిలదీశారు.

"లెక్కల పుస్తకం తెస్తాం" అని వాళ్లు వెళ్లారు. జాబితా మాత్రం ఆడవాళ్ల దగ్గరే ఉంది. ఇంకా 19 ఇళ్లు అడగాలి.