సెల్లారులో ఊట నీరు

అప్పు చేసి కొత్త ఇల్లు కొంటారు. వానాకాలంలో సెల్లారులో నీళ్ళు నిలుస్తాయి. మోటారుతో తోడినా మళ్ళీ ఊరుతాయి. ఎవరు బాగుచేయించాలి?

వాన నీరు భూమిలో ఇంకుతుంది. భూమి లోపలి నీటిమట్టం పెరుగుతుంది. అది సెల్లారు నేలను దాటితే, పగుళ్ళలోంచి నీరు లోపలికి వస్తుంది.

"భూమిలో నీరు ఊరితే నాదా తప్పు?" అంటాడు బిల్డరు. ఊటను ఆపలేం. కానీ నీరు లోపలికి రాకుండా కట్టడం బిల్డరు పనే.

2016లో రెరా చట్టం వచ్చింది. రెరాలో నమోదైన ఇల్లు అప్పగించిన 5 ఏళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడిందనుకోండి. ఆ సంగతి తెలిపిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. లేకపోతే నష్టపరిహారం ఇవ్వాలి.

నోటిమాట చాలదు. ఉత్తరం రాయండి. తేదీ వేయండి. నకలు దాచుకోండి.

ప్రశ్న: ఇల్లు అప్పగించిన తేదీని ఎందుకు రాసి పెట్టుకోవాలి?