పంచాయతీ బండి ఆలస్యమైనప్పుడు

తిరుమలగిరి ప్రాంతపు మెట్ట గ్రామములలో చెత్త తరలించుటకు, మొక్కలకు నీరు పోయుటకు పంచాయతీ ట్రాక్టరు ఎంతయో అవసరము. 2019 సెప్టెంబరు 6న ఆరంభమైన పల్లె ప్రగతిలో తెలంగాణ పంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చుకొన్నవి. ఇక ముందు క్రొత్త బండి కొనునప్పుడు మనము ఒక సంగతి గుర్తుంచుకొనవలెను.

కర్మాగారమునకు ఆర్డరిచ్చిన బండి చెప్పిన నాటికి రాకపోవుట కలదు. లైసెన్సుల కాలమున కొనుగోలుదారులు ఏండ్ల తరబడి వేచియుండిరి. 2021లో చిప్పుల కొరతచే ప్రపంచమంతటను వాహనముల తయారీ కుంటువడినది.

కావున తీర్మానము వ్రాసి, ఆర్డరు పత్రములో మూడు విషయములు చేర్చవలెను: బండి అందించు తేదీ, అప్పటి ధర, ఆలస్యమైన బయానా తిరిగి యిచ్చు షరతు. బయానా స్వల్పముగా ఉంచవలెను. బ్యాంకు అప్పును బండి అందునాడే విడుదల చేయుమని కోరవలెను. లేనిచో రాని బండికి వడ్డీ కట్టవలసివచ్చును.

బండి వచ్చువరకు అద్దె ట్రాక్టరుతోనో, ఎడ్లబండితోనో పారిశుద్ధ్యము సాగించి, ఆ ఖర్చును సభలో ఆమోదింపవలెను. వచ్చిన నాడు ఛాసిస్, ఇంజను నంబర్లను, తయారైన నెలను బిల్లుతో సరిచూచిన పిమ్మటనే సంతకము చేయవలెను.

అది గ్రామ ప్రజల సొమ్ము. నోటిమాటపై దానిని విడువరాదు.