కరెంటు పోతే ఫైలు ఏమవుతుంది?

అనంతపురంలో చదివే రోజుల్లో ఒకసారి ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసి 'సేవ్' నొక్కాను. మరుక్షణమే కరెంటు పోయింది. వచ్చాక తెరిచి చూస్తే చివరి నాలుగు పేజీలు లేవు. సేవ్ చేసినవి ఎక్కడికి పోయాయి?

మెమరీతో పోలిస్తే హార్డ్ డిస్కు చాలా నెమ్మది. అందుకే కంప్యూటర్ మన సమాచారాన్ని ముందు మెమరీలో ఉంచుకొని, తర్వాత డిస్కుపై రాస్తుంది. లినక్స్‌లో మామూలుగా ఇందుకు 30 సెకన్ల దాకా పట్టవచ్చు. డిస్కులోనూ ఇలాంటి చిన్న మెమరీ ఉంటుంది. దీన్నే రైట్ క్యాష్ అంటారు. పని వేగంగా సాగుతుంది కానీ, అది కళ్లంలో ఉన్న వేరుశనగ కుప్ప లాంటిది. ఇంటికి చేరేలోపు వాన పడితే నష్టమే.

రాత సగంలో ఆగితే ఫైల్ సిస్టమే చెడవచ్చు. అందుకే 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 చేయబోయే మార్పులను ముందుగా చిట్టాలో రాసుకుంటాయి. కరెంటు వచ్చాక ఆ చిట్టా చూసి లెక్క సరిచేస్తాయి. దీని పేరు జర్నలింగ్. అయితే చిట్టా కాపాడేది ముఖ్యంగా ఫైల్ సిస్టమ్‌ను. క్యాష్‌లోనే మిగిలిపోయిన మన పేజీలను కాదు. ఆ చిట్టా కూడా డిస్కు క్యాష్‌లోనే ఆగిపోతే దానికీ భరోసా లేదు.

కాబట్టి యూపీఎస్ వాడండి. షట్‌డౌన్ చేయకుండా స్విచ్ తీయకండి. పెన్‌డ్రైవ్‌ను లాగేయకండి. ముఖ్యమైన ఫైలుకు రెండో కాపీ వేరేచోట ఉంచుకోండి.