గాలి సోకిందా, దోమ కుట్టిందా?





కారణం లేకుండా ఏదీ పుట్టదని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. పాఠం అయ్యాక ఒక అక్క లేచి అడిగింది. "అన్నా, కారణం ఉంటదని ఒప్పుకుంటా. కానీ మా అత్త చెప్పేది కూడా కారణమే కదా. పిల్లగానికి రోజు తప్పించి రోజు చలిజ్వరం వస్తుంటే గాలి సోకిందంటది, పోయిన జన్మల కర్మ అంటది. ఏది అసలు కారణమో ఎట్ల తెలుసుకోవాలె?"

అప్పటికప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. నేను చదివింది బీఏ, సైన్సు మాస్టారిని కాను. ముందు పిల్లవాడికి రక్తపరీక్ష చేయించమని చెప్పి ఇంటికొచ్చాను. ఆలోచిస్తే మన సికింద్రాబాద్ కథే గుర్తొచ్చింది.

మలేరియా అనేది ఇటలీ భాష మాట. దానర్థం చెడ్డగాలి. అంటే గాలి సోకిందని అనుకున్నది మన అత్తలే కాదు, యూరప్ డాక్టర్లు కూడా వందల ఏళ్ళు అదే అనుకున్నారు. చిత్తడి నేలల నుంచి లేచే విషపుగాలి పీలిస్తే జ్వరం వస్తుందని వాళ్ళ లెక్క. దాన్ని మూర్ఖత్వమని తీసిపారేయకండి. చిత్తడి ఉన్నచోటే జ్వరాలు ఎక్కువ, నిజమే. చీకటిపడ్డాక బయట తిరిగితే ప్రమాదం, అదీ నిజమే. కిటికీలు మూసుకున్నవాళ్ళు కొంత బతికిపోయారు. చిత్తడిని ఎండబెడితే జ్వరాలు తగ్గాయి.

మరి లోపం ఎక్కడుంది? చిత్తడి లేని ఊళ్ళో ఒకడికి జ్వరమొస్తే "గాలి అటు వీచింది" అనొచ్చు. చిత్తడి పక్కనే ఉన్నవాడికి రాకపోతే "వాడి ఒళ్ళు గట్టిది" అనొచ్చు. ఏం జరిగినా ఆ మాటలో ఇమిడిపోతుంది. ఏం జరిగినా చెల్లే మాట, ఎందుకు ఇలాగే జరిగిందో చెప్పలేదు.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది ఒంట్లోకి ఎలా వస్తోంది? దోమకు దీనితో సంబంధం ఉందని లండన్‌లో మాన్సన్ ఊహించాడు. దోమలు నీళ్ళలో పడి చచ్చిపోతాయి, ఆ నీళ్ళు తాగితే మనుషులకు వస్తుందేమో అనుకున్నాడు. సికింద్రాబాద్‌లో సైనిక డాక్టరుగా ఉన్న రొనాల్డ్ రాస్ అలాంటి నీళ్ళు మనుషులకు తాగించి మరీ చూశాడు. (ఆ తాగినవాళ్ళు ఎవరో ఊహించండి. దొరలు మాత్రం కాదు.) మలేరియా అలా వస్తుందని రుజువు కాలేదు. కానీ ఆ తప్పు ఊహకు ఒక మంచి గుణం ఉంది, చూడండి. అది తప్పని తేలడానికి వీలుంది. చెడ్డగాలి మాటకు ఆ వీలు లేదు.

రాస్ రెండేళ్ళు వేరే రకం దోమల్ని కోసి కోసి విసిగిపోయాడు. చివరికి రెక్కలపై మచ్చలున్న దోమలు దొరికాయి. వాటిని హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చి, ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న అలాంటి ఒక దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న కణాలు కనబడ్డాయి. రోగుల రక్తంలోని పరాన్నజీవిలో ఉండేదీ అదే నల్లని పదార్థం. ఆ పని జరిగిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కాటుతోనే ఎక్కుతుందని చూపాడు. మనుషుల విషయంలో అనోఫిలిస్ దోమే మోస్తుందని ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివాళ్ళు తేల్చారు.

నాకు అన్నిటికంటే నచ్చింది 1900 నాటి సంగతి. రోమ్ దగ్గర జ్వరాలకు పేరుమోసిన చిత్తడి మైదానంలో సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు ఒక గుడిసె వేసుకున్నారు. తలుపులకు, కిటికీలకు దోమలు దూరని జాలీ కొట్టారు. పొద్దుగూకకముందే లోపలికి, తెల్లారాకే బయటికి. గాలికి మాత్రం అడ్డు లేదు, రాత్రంతా అదే "చెడ్డగాలి" పీల్చారు. జ్వరాల కాలం మొత్తం అక్కడే గడిపారు. చుట్టుపక్కలవాళ్ళు పడకేశారు, వీళ్ళకు జ్వరం రాలేదు. గాలిదే తప్పయితే వీళ్ళకు రావాలి కదా?

దోమ వివరణ పాత మాట ఎందుకు నిజంలా అనిపించిందో కూడా చెబుతుంది. నిలవనీళ్ళలో దోమ గుడ్లు పెడుతుంది, చీకటిపడ్డాక కుడుతుంది, మూసిన కిటికీ దాన్నీ ఆపుతుంది. రోజు విడిచి రోజు జ్వరం ఎందుకొస్తుందో చెబుతుంది. ఒక రకం పరాన్నజీవి సుమారు 48 గంటలకోసారి ఎర్రకణాల్ని బద్దలుకొట్టి బయటికొస్తుంది. ఇందులో ఒక్క ముక్క మార్చి చూడండి, దోమకు బదులు ఈగ అనండి, మొత్తం కూలిపోతుంది. "గాలి సోకింది"లో గాలి తీసి దిష్టి పెట్టండి, దయ్యం పెట్టండి, ఏమీ కూలదు.

ఇప్పుడు కర్మ మాటకు వద్దాం. పేదవాడికి జ్వరమొస్తే పోయిన జన్మ. ఉన్నవాడికి వస్తే పోయిన జన్మ. దుర్మార్గుడు సుఖపడితే అదీ పోయిన జన్మే. ఏం జరిగితే ఇది తప్పని ఒప్పుకుంటారు? ఏదీ లేదు. మనల్ని నొప్పిస్తుంది కాబట్టి అబద్ధం అనడం లేదు, నొప్పించే నిజాలు కూడా ఉంటాయి. పరీక్షకు నిలబడే ధైర్యం లేని మాట కాబట్టి తోసేస్తున్నాం. 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ ఇంకో మెట్టు పైకెక్కి అడిగారు. ఈ గతజన్మ కర్మ వల్ల ఎవరికి లాభం? పేదల స్థితికి బాధ్యత నుంచి సమాజం, రాజ్యం తప్పించుకోవడానికే అన్నారు. మురుగుకాలువ ఊరి నడివీధి దాకా వచ్చి మన వాడ మొదట్లో ఎందుకు ఆగిపోయిందో కర్మ చెప్పదు. పంచాయతీ తీర్మానాల పుస్తకం చెబుతుంది.

మనవాళ్ళకూ ఒక మాట. "బుద్ధుడు ఎప్పుడో సైన్సు చెప్పాడు" అని వైబ్రేషన్లు, ఎనర్జీ అనే మాటలు చల్లితే అది సైన్సు అయిపోదు. విహారంలో దారం కడితే జబ్బు తగ్గిందంటే, కట్టనివాళ్ళలో ఎంతమందికి తగ్గిందో కూడా అడగండి. కాలాములకు బుద్ధుడు చెప్పింది మనల్ని కూడా అడగమనే.

వచ్చే ఆదివారం మీ ఇంట్లో వినబడే ఒక కారణం రాసుకుని రండి. ఏం జరిగితే అది తప్పవుతుందో దాని కింద రాయండి.

ఆ అక్క పిల్లవాడికి రక్తపరీక్ష చేయించింది. మలేరియా కాదట. దోమే అని నేను గట్టిగా అనుకున్నాను, తప్పయింది. డాక్టరు వేరే పరీక్షలు రాశారు, రిపోర్టులు రేపొస్తాయి.